సారు పేరుకు గడి లేదు

నిరుడు నవంబరు నెలాఖరు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద మూడు వారాలుగా అన్నం తినలేదు ఎవరమూ. అక్కడ మనవడి ల్యాప్‌టాప్, పక్కన వాళ్ళమ్మ ల్యాప్‌టాప్, చుట్టూ రంగులు వేసిన గళ్ళ కాగితాలు. వాడు రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి, మూడో ఏడాదికి పెద్ద యూనివర్సిటీలోకి మారడానికి దరఖాస్తు పెడుతున్న రోజులవి. ఇక్కడ దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. మా రోజుల్లో ట్రాన్స్‌ఫర్ అనేది తాలూకాఫీసు గుమాస్తాకో బ్యాంకు మేనేజరుకో అయ్యేది, వాళ్ళ వెంట వాళ్ళ పిల్లలు బడి మారేవాళ్ళు. చదువుకునే పిల్లవాడు తనంతట తాను "నేను ఇంకో కాలేజీకి పోతా" అన్నాడంటే ఇంట్లో మొదట అడిగేది, "ఏం చేసినవురా అక్కడ?" అని.

నేను వరంగల్ జిల్లాలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా ఫిజిక్స్ చెప్పి 2009లో రిటైరయ్యాను. చివరి నాలుగేళ్ళు ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌గా టీసీల పుస్తకం నా సొరుగులోనే ఉండేది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, రెండు పుట్టుమచ్చలు, కాలేజీ విడిచిపోవడానికి కారణం, నడవడిక. పిల్లవాడు ఎదురుగా నిలబడి ఉంటే వాడి మొహం చూసి ఆ చివరి గడి నింపేవాణ్ణి. అందుకే ఈ మార్పుల గురించి మాట్లాడే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను కూడా.

నా సంగతి ముందు చెప్పాలి. 1968లో పీయూసీ అయిపోయి బీఎస్సీలో చేరాను. మరుసటి ఏడు జనవరిలో తెలంగాణ ఉద్యమం మొదలైంది. నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు వెనక్కి పోయాయి. మా కాలేజీలో కెమిస్ట్రీకి సరైన ల్యాబు లేదు. హైదరాబాద్‌లో ఒక పేరున్న కాలేజీకి మారితే బాగుంటుందని నా ఆశ. మా నాయిన ఒడ్లమ్మిన డబ్బు పంచె కొసకు ముడేసుకుని నన్ను వెంటబెట్టుకుని కాజీపేటలో ప్యాసింజరు ఎక్కాడు. ఆ కాలేజీలో గుమాస్తా, "టీసీ తెస్తే సీటు సంగతి చూస్తం" అన్నాడు. తిరిగొస్తే మా ప్రిన్సిపాల్, "సీటిస్తున్నమని అక్కడినుంచి కాగితం తెస్తే టీసీ ఇస్త. ఒకసారి రాసిచ్చిన్నంటే ఇక్కడి సీటు పోయినట్టే" అన్నాడు. మూడుసార్లు పోయొచ్చాం. మూడోసారి తిరిగొచ్చేటప్పుడు నాయిన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఉన్నకాడనే చదువు బిడ్డా" అన్నాడు. యాభై ఆరేళ్ళ తర్వాత కూడా ఆ గుమాస్తా కిటికీ ఊచలు నాకు కనబడుతూనే ఉంటాయి.

కాబట్టి ఆ రోజులన్నీ బంగారం అని నేను అనను. కాగితం పిల్లవాడిది, పెత్తనం కాలేజీది. ఇది చాలాకాలం సాగింది. ఫీజు బాకీ ఉందనో, సీటు వదలొద్దనో ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్న కాలేజీలను నా కళ్ళతో చూశాను. అలా దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లో గట్టిగా చెప్పింది. కాలిఫోర్నియాలో కూడా బాకీ పేరుతో ట్రాన్‌స్క్రిప్టు ఆపే అలవాటు ఉండేదట, 2020 నుంచి చట్టం దాన్ని ఆపింది. మా మనవడికి తన కాలేజీనుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ చదువుతూనే తొమ్మిది చోట్ల అడగొచ్చు. ఎవరూ రమ్మనకపోతే ఉన్నచోటే కూర్చోవచ్చు. ఇది మా నాయినకు తెలిస్తే ఎంత సంతోషించేవాడో.

తలుపు తీసినవాళ్ళు మా ముందుతరంలోనూ లేకపోలేదు. 1938లో ఉస్మానియా విద్యార్థులు హాస్టల్లో వందేమాతరం పాడారని వాళ్ళను బయటికి పంపారు. నిజాం రాజ్యంలో చదువు దొరకని ఆ పిల్లలను నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. పి.వి. నరసింహారావు కూడా అలా నాగపూర్ వెళ్ళినవారే. మా చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ కథ చెప్పేటప్పుడు నాగపూర్ అనే మాటను తీర్థం పేరు పలికినట్టు పలికేవాళ్ళు. ఒక యూనివర్సిటీ తరిమేస్తే ఇంకోటి ఏ ప్రశ్నా వేయకుండా పిలిచి కూర్చోబెట్టింది. ట్రాన్స్‌ఫర్ అనే మాటకు అంతకన్నా పెద్ద అర్థం నేను ఇంతవరకూ వినలేదు.

కాలిఫోర్నియావాళ్ళు ఆ పనిని పద్ధతిగా చేశారు. అది ఒప్పుకుంటాను. 1960లో క్లార్క్ కెర్ అనే ఆయన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు మాస్టర్ ప్లాన్ అని ఒకటి తెచ్చారు. హైస్కూలు పిల్లల్లో పైన ఉన్న ఎనిమిదో వంతుకు ఆ యూనివర్సిటీ, మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీలు, చదువుకుంటానన్న ప్రతివాడికీ కమ్యూనిటీ కాలేజీ. అంతటితో ఆపకుండా, కమ్యూనిటీ కాలేజీలో బాగా చదివినవాళ్ళకు చోటుండేలా పై రెండేళ్ళ తరగతుల్లో సీట్లు ఎక్కువ ఉంచాలని లెక్క కట్టారు. నలభై మంది కింది తరగతుల్లో ఉంటే అరవై మంది పై తరగతుల్లో. మొదటి ఏట ఇద్దరు పిల్లలను తీసుకుంటే ఒక ట్రాన్స్‌ఫర్ పిల్లవాణ్ణి తీసుకోవాలన్న మాట ఇవాళ్టికీ ఉంది. పదిహేడేళ్ళ వయసులో జ్వరమొచ్చో, ఇంట్లో కష్టమొచ్చో, అప్పటికి బుద్ధి రాకో మార్కులు పోగొట్టుకున్న పిల్లవాడికి పంతొమ్మిదో ఏట ఇంకో తలుపు! మన దగ్గర ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు ఒకసారి నుదుటన పడితే పడ్డట్టే. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏట చేరే దారి మాత్రం ఉంది. ఆ దారిన వచ్చిన పిల్లలను "లాటరల్ వాళ్ళు" అని వేరుగా కూర్చోబెట్టినట్టు మాట్లాడే క్లాసులూ ఉన్నాయి.

ఫీజు కూడా చూడండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో ఇక్కడివాళ్ళకు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు, 2012 నుంచి అదే. మారడానికి కావలసిన 60 యూనిట్లకు కలిపి 2,760 డాలర్లు. ఈ ఊళ్ళో అది ఒక నెల ఇంటద్దెకు కూడా చాలదు.

ఇంత మంచి ఏర్పాటు చేతిలో పెట్టుకుని మనవాళ్ళు ఏం చేస్తున్నారన్నదే నా బాధ.

మొదటిది సిగ్గు. నిరుడు దసరాకు ఇక్కడి గుడి హాల్లో బతుకమ్మ ఆడారు. భోజనాల దగ్గర ఒకాయన మా అమ్మాయిని అడిగాడు, "బాబు ఎక్కడ చదువుతున్నాడమ్మా?" అని. మా అమ్మాయి, "ఇక్కడే, ఇంటి దగ్గరే" అని చెప్పి, పప్పు గిన్నె తేవడానికన్నట్టు లేచిపోయింది. కాలేజీ పేరు చెప్పలేదు. ఆ రాత్రి కారులో నేను అడిగాను. "బాపూ, నీకు తెల్వది. కమ్యూనిటీ కాలేజీ అంటే వాళ్ళ మొహాలు ఎట్ల మారుతయో నువ్వు చూడలే" అంది. దొంగతనం చేసినట్టు దాచాలా? మా రోజుల్లో ఎవరు ఎక్కడ చదివారో అదే వాళ్ళ ఇంటిపేరుకన్నా ముందుండేది. "బందరు నోబుల్ కాలేజీ", "కాకినాడ పి.ఆర్. కాలేజీ", "హన్మకొండ సుబేదారి కాలేజీ" అని గుండె మీద చెయ్యేసి చెప్పుకునేవాళ్ళు. మా డొక్కు కాలేజీ పేరు కూడా నేను నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. ఇక్కడి పిల్లలైతే పెద్ద యూనివర్సిటీనుంచి రమ్మన్న ఉత్తరం వచ్చేదాకా నోరెత్తరు, వచ్చాక ముందరి రెండేళ్ళూ తమ బతుకులో లేనట్టు మాట్లాడతారు. లింక్డిన్‌లో కూడా ఆ రెండేళ్ళు రాయరట.

మారినవాళ్ళు తక్కువవాళ్ళని ఎవరు చెప్పారు? సర్వేపల్లి రాధాకృష్ణన్ వెల్లూరు ఊరీస్ కాలేజీలో మొదలుపెట్టి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళినవారే. ఒబామా లాస్ ఏంజెలస్‌లో ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్ళు చదివి 1981లో కొలంబియాకు మారాడు. మా అమ్మాయికి ఈ రెండు పేర్లూ చెప్పాను. విని ఊరుకుంది.

రెండోది, చదువంతా దరఖాస్తయిపోవడం. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మా మనవడు అసిస్ట్ అనే వెబ్‌సైటు తెరిచాడు. ఎడమవైపు పెద్ద యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపడే కమ్యూనిటీ కాలేజీ కోర్సు. పెళ్ళికి జాతకాలు కలిపినట్టు ఒక్కొక్క గడీ కలిపి చూసుకోవాలి. మెకానికల్ ఇంజనీరింగ్‌కు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోనే ఒక క్యాంపస్ ఒక వరస కోర్సులడుగుతుంది, ఇంకో క్యాంపస్ ఇంకో వరస. ఆరు క్యాంపస్‌లలో, అంటే డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లలో ముందే హామీ ఇచ్చే పద్ధతి ఉంది, దానికి సెప్టెంబరు నెలలో అడగాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డీగోల్లో ఆ హామీ లేదు. అసలు దరఖాస్తు శరత్కాలంలో. జనవరిలో మార్కులు మళ్ళీ పంపాలి. వసంతంలో తీసుకుంటానన్న కోర్సు ఒక్కటి మానేసినా చెప్పాలి, చెప్పకపోతే వచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. వీడి క్లాసులో ఒక పిల్లకు కౌన్సెలర్ తప్పు కోర్సు చెప్పాడట. పాపం, ఒక ఏడాది అక్కడే ఆగిపోయింది.

ఇన్ని లెక్కల మధ్య పిల్లవాడు చదువు మీద ఎప్పుడు కూర్చుంటాడు? మొదటి ఏడాది వీడికి ఖగోళశాస్త్రం క్లాసు ఒకటి తీసుకోవాలని ఉండేది. ఆ కాలేజీలో చిన్న టెలిస్కోపు కూడా ఉందని నాకు ఎంత సంబరంగా చెప్పాడో. మరుసటి రోజు, "అది కౌంట్ కాదు తాతా" అని వదిలేశాడు. కౌంట్ అవ్వడం! నేను ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, నా ఎదుట ఒక పిల్లవాడు శనిగ్రహం వలయాలు చూడ్డం లెక్కలోకి రాదని మానుకున్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మేము కాలేజీలోకి వెళ్ళామంటే మూడేళ్ళు అక్కడే కాపురం. బయటికి పోయే దారి లేదు గనక చుట్టూ ఉన్నదాన్నంతా పీల్చుకున్నాం. లైబ్రరీలో ఉన్న నాలుగు బీరువాల పుస్తకాలూ చదివేశాం. వీళ్ళు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు రెండేళ్ళు నిలబడుతున్నారు.

పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల సంగతి ఇంకా కఠినం. ప్రిన్స్‌టన్ 1990 తర్వాత 2018 దాకా ఇలా మారేవాళ్ళను తీసుకోనే లేదు. హార్వర్డ్ 2008లో హాస్టల్ చోటు లేదని రెండేళ్ళు ఆపేసింది, ఇప్పుడూ ఏడాదికి తీసుకునేది డజను మంది లెక్కన. మా అమ్మాయి వాటికి కూడా పెట్టమంది. నేను అడ్డుపడ్డాను, నా మాట ఎవరూ వినలేదు.

ఇక మూడోది. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులో నాలుగు వ్యాసాలు రాయాలి. ఒక్కొక్కటి 350 పదాలకు మించకూడదు. అనుకున్న సబ్జెక్టుకు ఎలా సిద్ధమయ్యావన్నది అందరూ రాయాలి, మిగిలిన ఏడింట్లోనుంచి మూడు ఎంచుకోవాలి. నాయకత్వం ఎక్కడ చూపావు, నీ సృజన ఏమిటి, నీ చుట్టుపక్కలవాళ్ళకు ఏం చేశావు, ఇలాంటివి. ఇవి కాక ఇరవై దాకా పనులూ బహుమతులూ రాసుకునే చోటు. మనవడు రాసినవన్నీ నాకు చదివి వినిపించాడు. బాగా రాశాడు. రోబో కట్టిన సంగతి, లెక్కలు రాని పిల్లలకు చెప్పిన సంగతి, కరోనా రోజుల్లో ఇంటి గదిలో ఒంటరిగా గడిపిన సంగతి. నాలుగూ విన్నాక అడిగాను.

"మీ లెక్కల సారు ఎక్కడ రా ఇందులో?"

ఆ సారు గురించి వీడు రెండేళ్ళూ అన్నం దగ్గర చెబుతూనే ఉన్నాడు. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రెండూ ఆయనే చెప్పాడు. మొదటి మిడ్‌టర్మ్‌లో వీడు తప్పితే ఆయన పిలిచి, ఒక్కో మెట్టు మళ్ళీ చేయించాడట. వీడికి ఇంజనీరింగ్ మీద మనసు పడిందే ఆ క్లాసులో.

"వాళ్ళు నా గురించి అడుగుతున్నరు తాతా. ఆయన గురించి కాదు" అన్నాడు.

సరే, సిఫారసు ఉత్తరమైనా ఆయన్ను అడగమన్నాను. ఈ యూనివర్సిటీ దరఖాస్తుకు సిఫారసు ఉత్తరాలు పెట్టరని అప్పుడు తెలిసింది. కావాలని అడిగితే తప్ప తీసుకోరు. పలుకుబడి ఉన్నవాడికి మంచి ఉత్తరం దొరుకుతుంది, లేనివాడికి దొరకదు అన్నది వాళ్ళ ఆలోచన అయితే అందులో న్యాయం ఉంది. ఎమ్మెల్యే చీటీలు పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డవాళ్ళను నేనూ చూశాను. అయినా నా మనసు ఒప్పుకోదు. రెండేళ్ళు ఒక పిల్లవాణ్ణి తీర్చిదిద్దిన మనిషి ఉన్నాడు. ఆ దరఖాస్తులో వీడు బాస్కెట్‌బాల్ ఆడిన గంటలకు గడి ఉంది. ఆయన పేరుకు గడి లేదు.

మా రోజుల్లో నడవడిక అని ఒక గడి ఉండేది. "తృప్తికరము" అన్న ఒక్క మాటే రాసేవాళ్ళం, నిజమే. ఆ ఒక్క మాట రాసేది మాత్రం పిల్లవాణ్ణి రోజూ చూసిన మనిషి.

హైదరాబాద్ సీటు దొరక్క నేను ఊరికి తిరిగొచ్చిన వారానికి మా ఫిజిక్స్ సారు కబురు పంపాడు. కాలేజీకి ఇంకా తాళం తీయలేదు. ఆయన ఇల్లు బస్టాండు వెనక, మా ఊరికి ఎవరొచ్చినా చూపించేవాళ్ళు. అరుగు మీద చాప వేసి ఆయన నలుగురు పిల్లలకు కాంతిశాస్త్రం చెప్పాడు. కరెంటు లేని రాత్రుల్లో కందిలి వెలుగులో గ్లాసు నీళ్ళలో పుల్ల పెట్టి, అది వంగినట్టు ఎందుకు కనబడుతుందో చూపించాడు. లోపలినుంచి వాళ్ళమ్మగారు మరమరాలు పంపేవారు. ఆ వానాకాలమంతా వెళ్ళాం. ఒక్క పైసా తీసుకోలేదు. నేను కాలేజీ మారలేకపోయినందుకు అప్పటిదాకా ఏడ్చినవాణ్ణి, ఆ అరుగు మీద కూర్చున్నాక మళ్ళీ ఏడవలేదు.

ఏప్రిల్‌లో జవాబులు వచ్చాయి. కొన్ని వద్దన్నాయి, ఒకటి రమ్మంది. మంచి యూనివర్సిటీయే. మా అమ్మాయి ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టింది. నేను మనవణ్ణి ఒకటే అడిగాను, సారుకు చెప్పావా అని. "ఈమెయిల్ పెడత" అన్నాడు. ఈమెయిల్ కాదు, పోయి చెప్పాలన్నాను. నేనూ వస్తానన్నాను.

మేలో ఒక మధ్యాహ్నం వెళ్ళాం. ఆయన గది ఎక్కడని అడిగితే మనవడు, "ఆయనకు గది లేదు తాతా" అన్నాడు. పార్ట్‌టైమ్ సారట. కాలిఫోర్నియాలో పార్ట్‌టైమ్ వాళ్ళకు ఒక డిస్ట్రిక్ట్‌లో పూర్తి ఉద్యోగంలో 67 శాతానికి మించి క్లాసులు ఇవ్వకూడదని చట్టం. అందుకని రెండు మూడు చోట్ల చెబుతూ హైవేల మీద తిరుగుతారు, ఇక్కడ వాళ్ళను ఫ్రీవే ఫ్లయర్లు అంటారు. ఇంత చదువు చెప్పిన మనిషికి కూర్చోవడానికి ఒక కుర్చీ, ఒక తలుపు ఇవ్వలేదన్నమాట. మా ఊరి సారుకు జీతం తక్కువే, ఆయనకు కనీసం ఒక అరుగు ఉండేది.

పార్కింగ్‌లో దొరికాడు. యాభై దాటిన మనిషి. కారు డిక్కీ తెరిచి ఉంది, అందులో జవాబు పత్రాల పెట్టె, మార్కర్లు, ఒక మడత కుర్చీ. మనవడు విషయం చెప్పాడు. ఆయన వాడి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏటా ఈ కాలేజీనుంచి ఎందరో పెద్ద యూనివర్సిటీలకు వెళ్తారని, ఎవరు ఎక్కడ చేరారో తనకు మామూలుగా తెలియదని అన్నాడు. నన్ను పరిచయం చేస్తే, నేనూ పాఠాలు చెప్పినవాణ్ణని తెలిసి, "ఏ సబ్జెక్టు?" అని అడిగాడు. చెప్పాను. ఆ గ్లాసు, పుల్ల కథ కూడా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కారుకు ఆనుకుని నిలబడి చివరిదాకా విన్నాడు.

గడియారం చూసుకున్నాడు. డంబార్టన్ బ్రిడ్జి అవతల ఇంకో కాలేజీలో ఆరింటికి క్లాసుంది, ట్రాఫిక్ పెరిగేలోపు దాటాలని డిక్కీ మూయబోయాడు. మనవడు పెట్టె పక్కకు జారకుండా డిక్కీలో సర్ది పెట్టాడు.